చల్లపల్లి బస్సులో పడిశంతో, పద్దెనిమిది రోజుల పాప కోసం

పెళ్ళైన తొమ్మిదేళ్ళకి మా చెల్లికి పాప పుట్టింది. మా అమ్మ లేదు కాబట్టి పురుడు అత్తగారింట్లోనే పోశారు. నాకు ఆఫీసులో సెలవు దొరికేసరికి పాపకి పద్దెనిమిది రోజులొచ్చాయి, నాకు పడిశం పట్టింది. రెండు మాత్రలు మింగి, ఏమీ లేనట్టే బయల్దేరాను. చెల్లితో మాట్లాడుతుంటే దగ్గొస్తే ఫోను దూరంగా పెట్టాను కూడా.

బెజవాడలో మా భవానీపురం నుంచి బస్టాండుకి ఆటోలో వెళ్ళి ఆరుంబావుకి అవనిగడ్డ బస్సెక్కాను. చల్లపల్లికి టికెట్ వంద లోపే. మామూలుగా రెండు గంటలు, మంచువల్ల ఇంకో అరగంట పట్టింది. ఉయ్యూరు దగ్గర చెరుకు లారీల వెనక నత్తనడకే. చలికి అద్దాలన్నీ మూసేసుకుని, ఒకరి దగ్గు ఒకరం పంచుకుంటూ కూర్చున్నాం. నేను కాస్త కిటికీ తెరవబోతే వెనకావిడ, “మూసెయ్యండమ్మా, జలుబు చేస్తది” అంది. ఆవిడ అప్పటికే ముక్కు చీదుతోంది. వాదించే ఓపిక లేక మూసేశాను.

చల్లపల్లిలో దిగి టీకొట్టు దగ్గర అల్లం టీ అడిగాను. కొట్టతను నా దగ్గు విని, “ఎటెళ్తున్నారమ్మా?” అన్నాడు. చెల్లి పాపను చూడ్డానికని చెప్పాను.

“మా మనవణ్ణి చూడ్డానికీ ఇట్టాగే రొంపతో వచ్చారమ్మా. తర్వాత నాలుగు రోజులు బెజవాడ ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఇప్పుడు బానే ఉన్నాడనుకోండి.”

టీ సగంలోనే వదిలేశాను. వెనక్కి పోదామా అనుకుంటూనే షేర్ ఆటో ఎక్కాను.

వాకిట్లోకి అడుగు పెట్టగానే చెల్లి పాపతో ఎదురొచ్చింది. “నాకు పడిశంగా ఉందే, ఎత్తుకోను” అన్నాను.

“చలిలో బస్సెక్కొస్తే ఆమాత్రం రొంప పట్టదూ? కాళ్ళు కడుక్కుని రామ్మా, ఏం కాదు” అన్నారు వాళ్ళత్తగారు.

“అమ్మ ఉంటే ఎత్తుకునేది కాదా అక్కా?” అంది చెల్లి.

ఆ మాటతో నా పట్టుదల పోయింది. కాళ్ళూ చేతులూ కడుక్కొచ్చి చేతులు చాచాను. అప్పుడొచ్చింది దగ్గు. పక్కకి తిరిగి, వంగిపోయి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా దగ్గాను. తలెత్తేసరికి చెల్లి పాపను గుండెకి హత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది. వేసినందుకు తనే ఏడ్చేసింది.

పాపను కిటికీలోంచి చూశాను. ఒకసారి ఆవలించింది. అత్తగారు వరండాలోనే మిరియాల చారుతో అన్నం పెట్టారు. రెండు గంటల బస్సుకి తిరిగొచ్చేశాను.

ఇది రాస్తుంటే ఇంకా ఒళ్ళునొప్పులే. చెల్లి అలా వెనక్కి జరిగితే నాకు బాధ కలిగింది, అబద్ధమెందుకు. అంతకన్నా సిగ్గేసింది. అక్కనై ఉండి, నేను చెయ్యాల్సిన పని బాలింత చేత చేయించాను. మీరూ ఈ చలికాలం పసిపిల్లల్ని చూడ్డానికి వెళ్ళేలా ఉంటే, పడిశం ఉందని ముందే ఫోన్లో చెప్పి, పూర్తిగా తగ్గాకే బయల్దేరండి. రావద్దని చెప్పే కష్టం ఆ తల్లికి పెట్టకండి.