అమాస నాడు సముద్రంల దిగిన మా వదినె

మా వదినె సైదమ్మ బడి మొకం చూసిన మనిషి గాదు. ఒక్క అంకె రాయనీకె రాదు. అయినా సముద్రం ఒడ్డున ఓడలు ఆగే రేవు కడుతుంటె, ఎనిమిది గుంపులు ఏ దినం ఏ యాళ్లకు పనిల దిగాలె, ఏ దినం దిగొద్దు, ఎన్ని పడవల రాయి తెప్పియ్యాలె అని చెప్పింది ఆమెనే. ఎవలో చెప్పంగ విన్న ముచ్చట గాదు ఇది. ఆమె పక్కన నేను తట్ట మోసిన. నా పేరు రామమ్మ. ఆమె మొగడు గురవయ్య నాకు సొంత అన్న.

మా ఊరు కల్వకుర్తికి నాలుగు కోసుల దూరం. మేం గొర్లకాపరోళ్లం. ఎండకాలం వస్తె రైతులు మమ్ముల పిలిచి వాళ్ల చెలకలల్ల మందను పండవెట్టిచ్చుకుంటరు. గొర్లు పండిన జాగ ఎరువైతది గద. ఆ లెక్కంత మా వదినె చూస్తుండె. ఎవరి చెలక ఎంతుంది, మా నూట ఇరవై గొర్లకు అది ఎన్ని దినాలు పడతది, ఎవరిది ఒడిసినంక ఎవరి కాడికి పోవాలె, వానలు పడేలోపల ఎన్ని చెలకలు తిరగొచ్చు, అన్ని మనసులనే. "మాకు రెండు దినాలు తక్కువైంది" అని ఒక్క రైతు అన్నది లేదు. మా అన్న కర్ర పట్టుకొని ముంగట నడుస్తుండె గాని, ఎటు నడవాల్నో ఆమె చెప్పేది.

రజాకార్ల గడబిడల మా మంద చెదిరిపోయింది. మిగిలినయి పదమూడు గొర్లు. మా అన్న తుపాకి పట్టిన మనిషి గాదు. రజాకార్లతోని కొట్లాడే సంఘపు దళమోళ్లకు రెండుసార్లు అంబలి మోసిండు, ఒక పొట్టేలు ఇచ్చిండు, గంతే. పోలీసు యాక్షన్ అయింది, నైజాం రాజ్యం పోయింది అంటె అందరం కొబ్బరికాయలు కొట్టినం. ఇగ బతికినం అనుకున్నం. నెల తిరగలే, మిలిట్రోళ్లు ఊరూరికి వచ్చి సంఘపోళ్లకు బువ్వ పెట్టినోళ్ల పేర్లు అడుగుడు షురు చేసిండ్రు. మా అన్న పేరు కూడ ఎక్కింది.

గప్పుడే దశరథం మేస్త్రి రేవు పనికి మనుషులను జమ చేస్తుండు. పాలమూరోళ్లు మట్టిపనికి, రాతిపనికి పెట్టింది పేరు గద. దీపావళి ఎల్లినంక జడ్చర్లల నలభై రెండు మందిమి రైలెక్కినం. దిగేసరికి సముద్రం. మాలో సగం మంది చూసి చూడంగనే కూలబడ్డరు. మా గుంపుల పెద్దమనిషి నాగులమ్మ మాత్రం దండం పెట్టి, ఎనక తిట్టుడు మొదలువెట్టింది. ఇన్ని నీళ్లు గీడ ఊకెనే పెట్టుకున్నరు, మన దిక్కు చెంబెడు దొరకకపాయె అని.

పని ఏందంటె, ఓడ వచ్చి ఆనే గోడ కట్టాలె. ఆ గోడ కాలు, అంటె పునాది, సముద్రంలున్న పెద్ద బండ మీద నిలవాలె. బండను చెక్కి చదును చేసి, దాని మీద రాళ్లు పేర్చి సిమెంటు పొయ్యాలె. గాని బండ ఎప్పటికి నీళ్లలనే ఉంటది. నీళ్లు మస్తుగ ఎనకకు పోయిన దినాలల్లనే పైకి కనపడతది. అది కూడ మూడు నాలుగు గడియలు. మిగిలిన దినాలల్ల మోకాటి లోతు నీళ్లల్ల రాళ్లు పడేస్తుంటిమి. తెల్లారి చూస్తె రాయి ఉండకపోతుండె. సముద్రం గుంజుకపోతుండె. పది పడవల రాయి తెస్తె నాలుగు పడవలు సముద్రం పాలు.

ఇంజనీరు దొర ఆఫీసుల గోడకు ఒక పెద్ద కాయిదం అంటించి ఉండె. పని యాడిదాక రావాల్నో నల్ల గీత, యాడిదాక వచ్చిందో ఎర్ర గీత. ఉగాది నాటికి ఎర్ర గీత మస్తు ఎనకబడ్డది. ఇంకా నలభై బారల గోడ కాలు మిగిలింది, బార అంటె రెండు చేతులు చాపినంత. దొర మా మేస్త్రిని పిలిచి సాఫ్ చెప్పిండట. మే నెల ఆఖరుకు సముద్రం లేస్తది, ఆలోపల పని ఒడవకుంటె పాలమూరు గుంపును రైలెక్కిచ్చి వేరే గుంపును తెప్పిస్త అని.

మేస్త్రి వచ్చి ఆ మాట చెప్పంగనే అందరం మా అన్న దిక్కు చూసినం. మాకు పోతె పని పోతది. ఆయన జడ్చర్ల టేషన్ల దిగంగనే దొరకపడతడు. మా చిన్నాయిన అప్పటికే ఉత్తరం రాయించిండు, గురవయ్యను ఇప్పుడు తేకుండ్రి, మిలిట్రోళ్లు క్యాంపుకు తీస్కపోయినోళ్లు ఇంకా ఇంటికి రాలేదు అని. అన్న పళ్లెంలున్న జొన్నరొట్టె అట్లనే పెట్టి లేసిపోయిండు.

మా వదినె ఏడ్వలే. ఆమెకు ఏడ్వనీకె పుర్సత్ ఎప్పుడు లేదు. వచ్చినప్పటిసంది ఆమె ఆ నీళ్లను చూస్తనే ఉండె. మంద పోయే దారి చూసినట్టు. ఇయ్యాల నీళ్లు ఎనకకు పోయిన యాళ్లకు రేపు పోవు, రెండు గడియలు ఆలస్యంగ పోతయి. ఇట్ల ఆలస్యమైకుంట ఆలస్యమైకుంట పదిహేను దినాలకు మళ్ల మొదటి యాళ్లకే వస్తయి. అమాసకు, పున్నానికి మస్తు దూరం పోతయి, అష్టమికి బద్ధకంగ జరంత జరుగుతయి. ఇది ఆమెకు ఎవరు చెప్పలే.

ఇంకోటి కూడ చూసింది. మా దిక్కు అమాస నాడు ఎవరు పనిల దిగరు గద. నాగలి కట్టరు, గడ్డపార పట్టరు. రేవు కాడ కూడ మేం అట్లనే చేస్తుంటిమి. అమాస, తెల్లారి పాడ్యమి, రెండు దినాలు బంద్. తలంటుకొని, బట్టలుతుక్కొని, పండుతుంటిమి. మేస్త్రి ఈ సంగతి దొరకు చెప్పనీకె భయపడి, గుంపుకంత జరం వచ్చింది అని చెప్తుండె. నెలనెలా నలభై రెండు మందికి ఒక్కతీరు జరం. దొర కాడ నీళ్ల పుస్తకం ఉండె, ఏ దినం ఎంత దిగుతయో అచ్చు వేసి ఉండె. గాని ఆ పుస్తకానికి మా అమాస పట్టింపు తెల్వది. మాకు ఆ పుస్తకమే తెల్వది. ఒక అమాస నాడు పొద్దుపొడుపుకు వదినె బట్టలు పట్టుకొని ఒడ్డుకు పోతె, బండ ఈ కొసనుంచి ఆ కొసకు ఎండి కనపడ్డదట. దాని మీద పీతలు తిరుగుతున్నయట. మనిషి అన్నోడు లేడు.

ఆ సంగతే, మేస్త్రి దొర మాట తెచ్చిన పొద్దు గుంపు ముంగట చెప్పింది. చేతి ఏళ్ల మీద లెక్కపెట్టి చూపిచ్చింది. నీళ్లు బాగ దిగే మూడు దినాలల్ల పది బారలు ఒడుస్తది. సముద్రం లేసేలోపల రెండు పున్నాలు, రెండు అమాసలు ఉన్నయి. నాలుగు దిగితె నలభై. అమాసలు ఇడిసిపెడితె ఇరవయ్యే.

దశరథం మేస్త్రికి మంట లేసింది. ఆడిమనిషి, అండ్ల గొర్లు కాసే మనిషి, తన గుంపుకు లెక్క చెప్పవట్టె.

"మా తాత అమాస నాడు గడ్డపార పట్టలే, మా బాపు పట్టలే," అన్నడు. "నువ్వు చెప్తె నేను పట్టాల్నా?"

"ఎందుకు పట్టలే మేస్త్రీ?"

"ఎందుకేంది. అమాస నాడు ఎడ్ల మెడ మీద కాడి పెట్టొద్దు."

"గీడ ఎడ్లు ఏడున్నయి? నాకేమన్న తోక కనపడుతాందా?"

నాగులమ్మ నవ్వు ఆపుకోలేక నోట్లె కొంగు పెట్టుకుంది. వదినె మాత్రం నవ్వలే. మా గొర్లకాపరోళ్లకు అమాస ఉన్నదా చెప్పుండ్రి, అమాస అని గొర్లు ఉపాసముంటయా, మా ఆయన ఒక్క అమాస నాడన్న మందను ఇంట్ల కట్టేసిండా అని అడిగింది. ఎనక ఇంకో మాట అన్నది. బంద్ వద్దు అంటలే, బంద్ జరుపుదాం. అమాస బదులు అష్టమి పండుదాం. నెలకు అష్టములు రెండు, నీళ్లు దిగని దినాలు, రాళ్లు పడేసినా దండుగనే.

మేస్త్రి "దిగు," అన్నడు. "ఎవలకన్న కాలిరిగితె, చెయ్యిరిగితె అది నీ మీదనే."

తెల్లారి ఆమె ఒక్కతే దొర కాడికి పోయింది. నేను దర్వాజ కాడ నిలవడ్డ. కల్వకుర్తి అంగడిల ఉన్ని అమ్ముకుంట నేర్చిన ఉర్దూ ఆమెకు వస్తుండె. దొరకు కూడ అదే వస్తది. గుంపుకు జరం లేదు, అమాస ఉన్నది అని మొదలే నిజం చెప్పింది. పొద్దుగూకే యాళ్లకు నీళ్లు మళ్లొకసారి దిగుతయి, అప్పుడు మీ గంట కొట్టి ఇంటికి పంపుతున్నరు అన్నది. నీళ్లున్న దినాలల్ల రాళ్లు పడేసుడు బంద్ చేసి, ఒడ్డున సైజుకు కొట్టి పేర్చి పెడదాం, బండ తేలిన దినం తీస్కపోయి పెడదాం, అప్పుడు సముద్రం గుంజుకపోదు అన్నది. దొర పుస్తకం తీసిండు. ఈ నెల పున్నానికి నీళ్లు ఏ యాళ్లకు దిగుతయో చెప్పు అన్నడు. ఆమె చెప్పింది. పుస్తకంల ఏలు పెట్టి చూసిండు. మళ్ల అష్టమి అడిగిండు. మళ్ల చెప్పింది. పుస్తకం మూసిండు. సరే, నువ్వు చెప్పినట్టే చేద్దాం, కాకపోతె తారీఖు మాత్రం మారది అన్నడు.

చైత్ర పున్నానికి పది బారలు ఒడిసింది. ఎనక అమాస వచ్చింది. పొద్దుపొడవకముందే మా వదినె, మా అన్న, నేను, నాగులమ్మ, ఇంకో ఏడుగురు, మొత్తం పదకొండు మందిమి బండ మీదికి దిగినం. మిగిలిన ముప్పై ఒక్కమంది ఒడ్డు మీద కూసొని చూస్తుండ్రు. ఎవలకు ఎప్పుడు కాలిరుగుతదా అని. నిజం చెప్తున్న, నాకు భయమే అయింది. సుత్తె దెబ్బకు నిప్పురవ్వ లేస్తె కండ్లు మూసుకున్న. ఏం కాలే. కాకపోతె పదకొండు మందితోని మూడు దినాలల్ల మూడు బారలే ఒడిసింది.

ఇంకా ఇరవై ఏడు. ఉన్నయి ఒక పున్నం, ఒక అమాస. ఏడు బారలు తక్కువ. ఆ పొద్దు మా అన్న వదినెతోని అన్నడు, నేను ఒక్కన్నే ఎటన్న పోత, మీరన్న గుంపుతోని ఊరికి పోండ్రి అని. ఆమె ఆయన దిక్కు చూడకుంటనే, "పోతివంటె గడ్డపార ఎవలు పడతరు? పండు," అన్నది.

అష్టమి వచ్చింది. మేం పదకొండు మందిమి గుడిసెల ముంగట కాళ్లు చాపుకొని పండినం. మిగిలినోళ్లు అమాస నాడే పండిండ్రు గద, ఎండల రాయి కొడుతుండ్రు. మా నాగులమ్మ ఊకుంటదా. మంచం వాళ్లకు కనపడేటట్టు వేయించుకొని, జర మెల్లగ కొట్టుండ్రి బిడ్డా, నిద్ర పడతలేదు అని కేకేసింది. గా ఒక్క మాట వదినె లెక్క కంటె ఎక్కువ పని చేసింది. పొద్దుగూకేసరికి ఒక్కొక్కరు వచ్చి, వచ్చే అమాసకు మేం కూడ దిగుతం అని చెప్పి పోయిండ్రు. మేస్త్రి రాలే.

వైశాఖ పున్నానికి పొద్దుపొడుపుకు ఒకసారి, పొద్దుగూకే యాళ్లకు ఒకసారి దిగినం. నడుమ ఎండల నిద్ర. పొద్దున పది బారలు, పొద్దుగూకంగ ఐదు. పదిహేను. ఇంకా పన్నెండు మిగిలింది. దొర ఆఫీసు నుంచి ఒడ్డుకే కుర్చీ వేయించుకున్నడు.

ఆఖరి అమాస రోహిణి కార్తెల పడ్డది. గాలి అప్పటికే మారింది, నీళ్లు నల్లగైనయి. మేం చీకట్ల దిగేసరికి బండ మీద ఎవలో ముందే ఉండి నాచు గీకుతుండ్రు. దగ్గరికి పోతె దశరథం మేస్త్రి. వదినె ఆయన పక్కపొంటి పోయి, "అన్నా, గీ దిక్కు రాయి ముందు పెడదామా?" అని అడిగింది. పెడదాం పా అన్నడు. గంతే వాళ్ల కొట్లాట ఒడిసింది.

సైజుకు కొట్టి పెట్టిన రాళ్లు చేతుల మీద చేతులు మారుకుంట వచ్చినయి. ఆ దినం పొద్దున, పొద్దుగూకంగ కలిపి ఆరు బారలు. పాడ్యమి నాడు పొద్దున నాలుగు. పొద్దుగూకంగ దిగినప్పుడు నీళ్లు మడిమలను తాకుతుండె. ఆఖరి రెండు బారలు నీళ్లతోని పోటీ పెట్టుకొని పేర్చినం. ఆఖరి రాయిని మా అన్న, మేస్త్రి రెండు గడ్డపారలు పెట్టి జరిపి కూసవెట్టిండ్రు. సిమెంటు పోసి మీద గోనెసంచులు కప్పి, మేం ఎక్కేసరికి బండ మునిగింది.

విదియ నాడు సముద్రం లేసింది. అసొంటి అలలు నేను ఎప్పుడు చూడలే. నాలుగు దినాలు గోడ కాలును కొట్టింది. ఐదో దినం దొర పోయి చూసొచ్చిండు. ఒక్క రాయి కదలలే. లెక్క చూస్తె పని తారీఖుకు ముందే ఒడిసింది, ఉగాది ఎనక తెచ్చిన రాయిల ఒక్క పడవ కూడ సముద్రం పాలు గాలే. దొర వదినెను ఆఫీసుకు పిలిచి చేతికి ఎర్ర పెన్సిలు ఇచ్చిండు, గీత నువ్వే గియ్యి అన్నడు. ఆమె గీసింది. నల్ల గీతను దాటి వంకరగ పైకి పోయింది. గుమాస్తా తుడిచి మంచిగ గీస్త అంటె దొర వద్దన్నడు.

ఇగ మమ్ముల రైలెక్కిచ్చే మాట మళ్ల ఎవలు ఎత్తలే. వానలు ఎల్లినంక ఎనిమిది గుంపుల పని ఆమె చెప్పిన యాళ్లకే నడిచింది. యాడయాడి మేస్త్రులో మా గుడిసె ముంగట కూసుంటుండిరి, రేపు ఎప్పుడు దిగాల్నో అడగనీకె. దశరథం మేస్త్రి అయితె వాళ్లను వరుసల నిలవెట్టి, మా అక్క బువ్వ తింటాంది, జర ఆగుండ్రి అని పెత్తనం చేస్తుండె.

మూడేండ్లు అక్కడనే ఉన్నం. ఆ యేడు పోరాటం ఆగింది, క్యాంపులు ఎత్తేస్తున్నరు, గురవయ్యను తోలుకరాండ్రి అని చిన్నాయిన ఉత్తరం వచ్చింది. జడ్చర్లల పట్టపగలు దిగినం. టేషన్ బయట ఒక పోలీసాయన మా అన్నను ఆపిండు. యాడినుంచి వస్తున్నవు అంటె, రేవు పని నుంచి అన్నడు మా అన్న. మూడేండ్లు ఏం పని చేసినవురా అని అడిగిండు.

మా అన్న ఎనకకు తిరిగి, మూటలు దించుకుంటున్న వదినెను చూపిచ్చిండు.

"ఆమె దిగుమన్నప్పుడు దిగిన సారు, ఎక్కుమన్నప్పుడు ఎక్కిన."

పోలీసాయన నవ్వి, పో పో అని చెయ్యి ఊపిండు. మా అన్న రుమాలు సదురుకొని, కల్వకుర్తి బాటల నడుమంగ నడిచిండు.