మేస్త్రిని మ్యాట్నీకి పిలిచిన మా నాన్న

మా చిన్నప్పుడు, నందిగామ మిరప గోడౌన్‌లో లారీ దించుతున్నారు... మా నాన్న వీపు మీద బస్తా. రెండు చేతులూ వెనక్కి పెట్టి దాని మూలలు పట్టుకుని ఉన్నాడు. నడక నెమ్మదించిందని మేస్త్రి చెంప మీద కొట్టాడు.

క్యారేజీ పట్టుకుని గేటు దగ్గర నిలబడి చూశాను. అప్పుడు నాలుగో తరగతి. ఎదురు తిరిగితే నాన్నకి మర్నాడు పని ఉండదు. బస్తా దించి మళ్లీ లారీ దగ్గరికి నడిచాడు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. "తిరిగి ఒక్కటి ఇవ్వలేకపోయావా?"

"చేతులేవే?" అన్నాడు నాన్న.

నెల తర్వాత ఆయన లోడుతో జగ్గయ్యపేట వెళ్లి, అక్కడ ఒక సినిమా చూసి వచ్చాడు. ఓడరేవు కూలీ ఒకడు మేస్త్రిని చంపి జైలుకెళ్లే కథ. సినిమా పేరు రాయను... రాస్తే కామెంట్లలో అభిమానుల గొడవే నడుస్తుంది.

"ఆ హీరో యాక్ట్ చెయ్యలేదే. మోశాడు," అన్నాడు అమ్మతో. "బస్తాలో ఊక పొయ్యలా. మోకాళ్లు చూస్తే తెలిసిపోద్ది."

కొన్నాళ్లకు ఆ సినిమా నందిగామ వచ్చింది. నాన్న తోటి హమాలీలందరికీ చెప్పాడు. తర్వాత మేస్త్రి దగ్గరికే వెళ్లాడు.

"ఆదివారం మ్యాట్నీకి రండి మేస్త్రిగారూ. కుర్చీ టికెట్ మేం తీస్తాం."

"ఏంట్రా, ఇంత ప్రేమ?"

"మన పని మీద తీసిన సినిమా అండి. మీరు చూడకపోతే ఎట్టా?"

మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి వెనక కుర్చీల్లో కూర్చున్నాడు. ముందు బెంచీల్లో హమాలీలు. పక్కన ఆడవాళ్ల వరుసల్లో అమ్మా, నేనూ, పక్కింటి రత్తమ్మత్త. హీరో కనపడగానే అత్త అంది: "వీడేం హీరోనే? అచ్చం మా ఆయన్లాగే ఉన్నాడు. ఇంట్లో చూసే మొహానికి టికెట్టెందుకు?" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఆ సీను వచ్చింది. తెర మీద మేస్త్రి, బస్తా మోస్తున్న కూలీని చెంప మీద కొట్టాడు. సంగీతం లేదు. డైలాగు లేదు. ఆ నటుడు తూలి పడలేదు, కళ్లు ఎర్రజేయలేదు. ఒక్క అడుగు ఆగాడు. నోటితో ఊపిరి తీసుకున్నాడు. నడిచి వెళ్లి బస్తా దించి, వరుసలోకి సరిగ్గా సర్దాడు. తువ్వాలు దులుపుకున్నాడు. అప్పుడు, ఖాళీ చేతులతో వెనక్కి తిరిగాడు...

బెంచీల్లోంచి నాన్న లేచి వెనక్కి తిరిగాడు. ఆయన పక్కవాడు. ఆ పక్కవాడు. హమాలీలందరూ. తెర వెలుగులో మేస్త్రి మొహం మాకు స్పష్టంగా కనపడుతోంది.

"ఇటు చూస్తారేంట్రా? సినిమా అటుంది," అన్నాడు.

"చూసేశామండి," అన్నాడు నాన్న.

మేస్త్రి ఇంటర్వెల్ దాకా ఆగలేదు. ఆ తర్వాత గోడౌన్‌లో ఆయన ఎవరి మీదైనా చెయ్యెత్తినట్టు నేను వినలేదు. నాన్న పని కూడా పోలేదు. అందర్నీ ఒకేసారి తీసేస్తే లారీ ఎవరు దించుతారు?

నాన్నకి అది చాలింది. నాకు చాలలేదు.

నేను రిపోర్టర్‌నయ్యాను. చాలా ఏళ్లకు మేస్త్రి పోయారు. ఆయన కొడుకు సంతాప వార్త రాసుకుని మా ఆఫీసుకే తెచ్చాడు. 'కార్మికులను కన్నబిడ్డల్లా చూసుకున్నారు' అని ఉంది అందులో. పేరు, ఊరు, వయసు ఉంచాను. ఆ వాక్యం కొట్టేశాను.

"అదెందుకు తీసేశారు మేడం?"

"నిజం కాదు కాబట్టి," అన్నాను.

అతను వెళ్లిపోయాడు. ఆ రోజు నాకు జాలి కలగలేదు. ఇది రాస్తున్నప్పుడూ కలగడం లేదు.

ఆ హాలు ఇప్పుడు లేదు. ఇప్పటి హీరో ఒక్క గుద్దుకి ఇరవై మందిని గాల్లోకి లేపుతాడు... అంతకుముందు ఆ చెయ్యి ఏ పని చేసి బతికిందో మాత్రం ఎవరూ చూపించరు. మీ ఇంట్లో దెబ్బ తిని ఊరుకున్న మనిషి తరఫున ఏ సినిమా అయినా బదులు చెప్పిందా? కింద రాయండి. కొట్టింది ఎవరో కూడా రాయండి.