నల్లాకు కట్టిన గుడ్డ

మొన్న మా వంటింట్లో నీళ్లు శుద్ధి చేసే మిషను బిగించడానికి వచ్చినాయన, నల్లాకు కట్టి ఉన్న తెల్లగుడ్డ ముడి విప్పుతూ, "ఇగ ఇది అక్కర్లేదు మేడం, ఈ నీళ్లల్ల ఒక్క పురుగు గూడ ఉండది" అని గర్వంగా చెప్పాడు. నాకు మాత్రం సంతోషం కలగలేదు. ఆయన వెళ్లాక ఆ గుడ్డను చేతిలో పట్టుకుని చాలాసేపు వంటింట్లోనే అటూ ఇటూ తిరిగాను.

నలభై దాటాక, నలుగురూ వద్దంటున్నా వినకుండా పీహెచ్‌డీలో చేరిన మొండిదాన్ని నేను. రెండువేల పదకొండు ప్రాంతంలో అశోక్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, గ్రూప్స్ పరీక్షలకు చదివే ఆడపిల్లల మధ్య, నన్ను అక్క అనాలో ఆంటీ అనాలో వాళ్లకు తేలకముందే కాపురం పెట్టేశాను. నా చదువేమో సముద్రపు బురదలో బతికే, కంటికి ఆనని సన్నటి పురుగుల గురించి. రసాయనాలు కలిసిన బురదలో అవి ఎన్ని మిగులుతాయో లెక్కపెట్టడమే నా పని. ఈ మాట చెబితే ఆ పిల్లలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. మా ఈడు ఆడవాళ్లు ఇంతకంటే మంచి పనులు ఎంచుకునేవారు లెండి.

ఫ్యాక్టరీ కాలువ సముద్రంలో కలిసే చోట నాకు మోకాటిలోతు బురదలో దిగి మట్టి తీసి ఇచ్చింది, గుల్లలు ఏరి అమ్ముకునే ఒక అక్క. "ఈ కాలవ మూతికాడ గుల్లలన్నీ నోళ్లు తెరుచుకుని చచ్చిపోతన్నాయమ్మా, ఎవరికి చెప్పినా నమ్మట్లేదు, నువ్వన్నా రాయి" అంది. రాస్తానని మాటిచ్చాను. పద్ధతి ప్రకారం అక్కడే సీసాలో, పురుగులు కుళ్లకుండా ఉంచే మందుతో పాటు గులాబీ రంగు కూడా వేయాలి. మట్టి తీసేనాటికి బతికున్న పురుగులకే ఆ రంగు పడుతుంది. రైలు అందుకునే హడావిడిలో ఆ రంగు పొట్లాన్ని గదిలోనే మరిచిపోయాను. ఏముందిలే అనుకుని, నారాయణగూడలో మా కాలేజీ ల్యాబుకు వచ్చాక, సీసాల్లోని బురదను జల్లెడలో పోసి నల్లా కింద కడిగి, ఆ తర్వాత రంగు వేశాను.

కాలువ మూతి బురదలోనూ గులాబీ పురుగులు కనిపించాయి. మా గైడుగారి ఆనందం చెప్పనలవి కాదు. బురద బతికే ఉందని, కాలువ సంగతి విచారిస్తున్న కమిటీకి అదే పంపుదామని, నా థీసిస్ కూడా గడువులోగా అయిపోతుందని అన్నారు. నాకు మాత్రం ఆ నోళ్లు తెరిచిన గుల్లలు కళ్లముందు ఆడుతూనే ఉన్నాయి, అన్నం సహించేది కాదు.

ఒక ఆదివారం పొద్దున గదిలో బిందె పట్టుకుంటుంటే ఇంటి ఓనరమ్మ గయ్యిమంది. "ఏందమ్మా, ఇంత సదువుకున్నవ్, నల్లాకు గుడ్డ కట్టకుంట పడ్తున్నవ్? పైన ట్యాంకిల సన్న సన్న పురుగులుంటయ్, కండ్లకు గూడ అగపడయ్!" బిందె నిండి పొర్లిపోతున్నా నేను కదల్లేదు. ల్యాబు నల్లాకు గుడ్డ లేదు.

మర్నాడు బందు. బస్సుల్లేవు, ఆటోలు రానన్నాయి. చిక్కడపల్లి మీదుగా, మూసిన షట్టర్ల పక్కన నడుచుకుంటూ పోయి, వాచ్‌మన్‌ను బతిమాలి ల్యాబు తీయించి, ఉత్త నల్లా నీళ్లు జల్లెడ పట్టి రంగు వేసి చూశాను. అవే గులాబీ పురుగులు! నేను లెక్కపెట్టింది సముద్రాన్ని కాదు, మా కాలేజీ మీది ట్యాంకును. సిగ్గుతో చచ్చిపోయాను. నోరు మూసుకుంటే అడిగేవాళ్లు లేరు, డిగ్రీ చేతికొస్తుంది. చిక్కడపల్లి సందుల్లో అదే చోట రెండుసార్లు తిరిగాను. చివరికి గాంధీనగర్‌లోని గైడుగారి ఇంటికి వెళ్లి గుమ్మంలోనే ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన నన్ను లోపలికి కూడా రమ్మనలేదు. కమిటీకి పంపబోయే కాగితం మాత్రం ఆగింది.

గడువు పొడిగించమని ఎన్ని గుమ్మాలు ఎక్కిదిగానో. ఏడాది తర్వాత మళ్లీ ఆ కాలువ దగ్గరికి వెళ్లాను. ఈసారి తీరంలోనే రంగు వేసి, కాచి గుడ్డలో వడకట్టిన నీళ్లతోనే కడిగాను. కాలువ మూతి బురదలో ఒక్క పురుగు లేదు. కళ్లు మండేదాకా రెండు రోజులు వెతికాను, ఇసుక తప్ప ఏమీ లేదు. ఆ మాట కమిటీకి రాసి, తీరానికి వెళ్లి అక్కకూ చెప్పాను. అప్పటికే ఆమె గుల్లల పని మానేసి, రొయ్యలు ఒలిచే షెడ్డులో చేరింది. "మాకెప్పుడో తెలుసమ్మా, మీకు తెలియడానికే ఇన్నాళ్లు పట్టింది" అని, కోపం లేకుండా నవ్వింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ నల్లాకో గుడ్డ ఉండేది. వారానికోసారి విప్పి ఉతుకుతున్నప్పుడు మనం ఏ నీళ్లు తాగుతున్నామో కళ్లకు కనిపించేది. ఇప్పుడు అన్నీ మిషన్లు, విప్పి చూసేదేమీ లేదు. నిన్న సాయంత్రం ఆ కొత్త మిషను నీళ్లు గ్లాసులో పట్టి వెలుతురుకెత్తి చూశాను. తళతళలాడుతున్నాయి. ఆ కాలువ మూతి బురదలోలాగే ఒక్క పురుగు లేదు. తాగబుద్ధి కాలేదు.