పొగకుండ

జపాను యుద్ధానికి చాలా ముందు మాట. దలా నుంచి రంగూన్‌కు నది దాటే పడవలో నా పక్కన ఒకతను మసిబారిన మట్టికుండ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కుండ అడుగున చిల్లి ఉంది. మాటతీరులో మనవైపు వాడేనని తెలిసి, "చిల్లికుండ ఎక్కడికి మోస్తున్నావయ్యా?" అని నవ్వుతూ అడిగాను.

"పందికొక్కులకి పొగెట్టే కుండ బాబూ," అన్నాడు. నవ్వలేదు.

ట్వంటే ఊరికి అవతల వరి పొలాల్లో అతనూ, అక్క మొగుడైన బావా కోతల ముందు ఆ పని చేసేవారట. గట్టు మీది కలుగుల్లో రెండు వదిలి మిగతావన్నీ మట్టితో మూస్తారు. ఒకదానికి రాజేసిన గడ్డికుండ మూతి ఆనించి, అడుగు చిల్లిలోంచి ఒకడు ఊదుతాడు. రెండోదాని దగ్గర ఇంకొకడు కర్ర పట్టుకుని కాస్తాడు.

"నాను ఊదతన్నాను. గట్టుకవతల బావ అరిసినాడు. పందికొక్కు బయటికొచ్చీసిందనుకున్నాను. ఇంకా గట్టిగా ఊదినాను." అరచేత్తో కుండ చిల్లి మూశాడు. "వచ్చింది నాగుపావు బాబూ."

రేవు వైపు చూస్తూ అన్నాడు. "మా అప్పకింకా తెల్దు. ఇద్దరం ఈ పడవకే వస్తామని ముందే కబురెట్టినాం. రేవుకాడికొస్తాది. ఏటని సెప్పను?"

రేవులో ఆమె నిలబడే ఉంది. తమ్ముణ్ణి చూసి చెయ్యెత్తింది. ఆ వెంటనే అతని వెనక ఎవరు దిగుతున్నారా అని చూసింది. దిగుతున్నది నేను. ఆమె చూపు నా ముఖం మీద ఒక్క క్షణం ఆగి, నన్ను దాటి పడవలోకి వెళ్లింది.