తాడున్న ఈటె

శ్రీకాకుళంలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే షీబాకు ఆదివారం ప్రార్థన అయ్యాక ఒకటే పని. ఇంట్లో భోజనాల బల్ల ఖాళీ చేసి, దాని చుట్టూ మనుషుల్ని కూర్చోబెట్టి కథ నడపడం. అది పాచికలతో ఆడే ఆట. ఆటగాళ్ళు కథలో తలో పాత్ర అవుతారు. రాక్షసులనీ ఆయుధాలనీ షీబా కల్పిస్తుంది. ఎవరి పని నెగ్గిందో పాచిక తేలుస్తుంది.

భావనపాడు నుంచి బండి మీద వచ్చే ఈశ్వర్ ఆమెకు డిగ్రీ నాటి స్నేహితుడు. వాళ్ళది చేపలవేట కుటుంబం. ఆటలో అతని పాత్ర కూడా జాలరే. ఆ జాలరికి షీబా ముచ్చటపడి ఓ మాయ ఈటె ఇచ్చింది. విసిరితే గురి తప్పదు. ఎంత పెద్ద జంతువునైనా కాళ్ళ దగ్గరికి లాక్కొస్తుంది.

దాంతో ఆట చప్పబడిపోయింది. రాక్షసుడు కనబడగానే ఈశ్వర్ ఈటె విసిరేవాడు, యుద్ధం ముగిసేది. షీబా చిన్నాన్న కూతురు స్వర్ణది గాయాలు మాన్పే మంత్రగత్తె పాత్ర. గాయపడేవాళ్ళే లేరు. ఓ ఆదివారం ఆమె ఆట మధ్యలో లేచి చెప్పులేసుకుంది.

"ఏటే, ఎళ్ళిపోతన్నావా?"

"నాకిక్కడ పనేటున్నాదక్కా? ఈశ్వరన్న ఒక్కడే ఆడుకుంటన్నాడు. మరి రాన్లే."

ఈటెను వెనక్కి తీసుకుంటే సరిపోయేది. కానీ ఇచ్చినదాన్ని లాక్కోకుండానే ఆట నిలబెట్టాలని షీబా పట్టుబట్టింది. యుద్ధానికొక్కసారే పనిచేస్తుందని చెప్పి చూసింది. "అయితే ఈటెందుకు? ఓ కర్రిచ్చీ," అని ఈశ్వర్ మొహం ముడుచుకున్నాడు. రాక్షసుల బలం పెంచితే మిగతావాళ్ళు మొదటి దెబ్బకే పడిపోయారు. ఆ వారమంతా డ్యూటీ దిగి వచ్చాక ఒక్కతే అందరి పాత్రలూ ఆడుతూ పాచికలు దొర్లించింది. తల్లి ఎలీసమ్మ కంచం పట్టుకుని, "జాగా సెయ్యే, కూడెక్కడెట్టను?" అని విసుక్కుంది.

చివరికి అంకెలు పక్కనపెట్టి ఈటె గురించే ఆలోచించింది. లాగాలంటే తాడుండాలి. అటు కొసన ఉన్నది ఇటు వాణ్ణి ఎందుకు లాగదు?

స్వర్ణను బతిమాలి పిలిపించింది. అందరూ కూర్చున్నాక ఈశ్వర్‌తో చెప్పింది. "ఈటె బలం తగ్గించలేదురా. కాపోతే తాడు నీ నడుంకి కట్టుంటాది. గుచ్చుకున్నది నీకన్నా పెద్దదైతే అదే నిన్ను లాగుతాది. ఎవులైనా తాడు పట్టుకుంటే వాళ్ళ బలం నీకు కలుస్తాది."

"నానొక్కణ్ణే సాల్తాను," అని ఈశ్వర్ సముద్రపు పాము మీదికి ఈటె విసిరాడు. పాచిక తిరగబడింది. పాము జాలరిని నీళ్ళలోకి ఈడ్చుకుపోయింది.

"ఇది అన్నేయం! మళ్ళీ ఎయ్యనీ."

"ఎయ్యనివ్వను. పాచిక పడిపోనాది."

స్నేహం చెడుతుందేమోనని షీబా భయపడింది. అయినా మాట మార్చలేదు.

భుజాన బ్యాగు ఇంకా తియ్యని స్వర్ణ బల్ల మీదికి వంగింది. "తాడు నాను పడతన్నాను!"

ఆమె వేసిన పాచిక బాగా పడింది. జాలరి దగ్గుతూ ఒడ్డుకి చేరాడు. ఆమె మంత్రానికి గాయాలు మానాయి. పాము మాత్రం తప్పించుకుంది.

ఈశ్వర్ పాచిక తీసి పక్కన పెట్టాడు. తర్వాత, "వచ్చేవారం దాని అంతు సూద్దాం. స్వర్ణా, నువ్వు నా ఎనకే నిలబడాల," అన్నాడు.

"ముందు నాకూ ఓ ఆయుధం సెయ్యక్కా," అంది స్వర్ణ.

"సేస్తాను. దానికోసం ఏటి వదులుకుంటావో సెప్పు."

స్వర్ణ బ్యాగు కింద పెట్టి ఆలోచనలో పడింది.