ఎదురింటి గడప

ముప్పై అయిదేళ్ళు వచ్చేదాకా పోసవ్వ తన ఇంటి ముందరి భాగం ఎలా ఉందో ఎన్నడూ పట్టించుకోలేదు. బాన్సువాడలో బస్టాండు నుంచి మార్కెట్టుకు పోయే అడ్డదారిలో వాళ్ళది పాత పెంకుటిల్లు. ఊరివాళ్ళు పటేలు అని పిలిచే భర్త దేవిదాస్‌కు కాలువ కింద వరి, కొంత చెరుకు. టేకు దర్వాజకు రెండు పక్కలా రెండు అరుగులు. ఒక అరుగు మీద యూరియా సంచులు, పారలు, మందు కొట్టే పంపు. రెండో అరుగు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు దారినపోయేవాళ్ళు. గడప ముందు చెప్పుల కుప్ప, ఆ పక్కన గుంజకు కట్టిన బర్రె. రైతు ఇల్లంటే అట్లాగే ఉంటుందనుకునేది.

తొంభై అయిదులో ఎదురుగా ఖాళీ జాగాలో విజయశ్రీ వాళ్ళు ఇల్లు కట్టుకున్నారు. ఆమె భర్త హరనాథబాబుది వర్ని దగ్గర స్థిరపడిన ఆంధ్రా రైతు కుటుంబం. బాన్సువాడలో విత్తనాల దుకాణం పెట్టి, తల్లి హనుమాయమ్మను కూడా వెంట తెచ్చుకున్నాడు. ఇల్లు చిన్నదే. కానీ ఆ గుమ్మం! గడపకు నిగనిగలాడే పసుపు, దాని మీద వరసగా కుంకుమ బొట్లు. పైన వారం వారం మారే మామిడాకుల తోరణం. మెట్లకు అటూ ఇటూ ఎర్రమట్టి కుండీల్లో క్రోటన్ మొక్కలు. చెప్పులకు వడ్లాయనతో చేయించిన చెక్క స్టాండు. తలుపుకు పూసల తెర. గాలి వీచినప్పుడల్లా అది గలగలమంటుంటే, ఆ చప్పుడు పోసవ్వ వంటింటిదాకా వచ్చేది.

మొదట్లో అందరితో పాటు తనూ మెచ్చుకుంది. పదిమందీ మెచ్చుకుంటుంటే మాత్రం వినలేకపోయింది. తన అరుగు మీద కూర్చుని, తన ఇంటి మంచినీళ్ళు తాగుతూ, "ఎదురింటి దర్వాజ జూడు, లచ్చిమి నడిచొచ్చినట్టుంది" అనేవాళ్ళు. పోసవ్వ చెంబు విసురుగా లాక్కునేది. ఒకరోజు బడి నుంచి వచ్చిన కూతురు సింధుజ, "అమ్మా, మనింటికి నా దోస్తులను తోలుకొస్తే బర్రె పేడ తొక్కుకుంట రావాలె" అంది. ఆ మాటకు పోసవ్వకు అన్నం సహించలేదు.

అసలు మంట మాత్రం రాందాస్ సంబంధం నాడు అంటుకుంది. రాందాస్ ఆమె తమ్ముడు. నస్రుల్లాబాద్ పిల్లతో మాట ఖాయమైంది. పిల్ల తరఫు ఆడవాళ్ళు, పెండ్లికొడుకు అక్క ఇల్లు చూసిపోతామని కబురు పెట్టారు. పోసవ్వ పొద్దున్నే బూరెలు చేసి, కొత్త చీర కట్టుకుని లోపల ఎదురుచూస్తూ కూర్చుంది. పొద్దు నడినెత్తికొచ్చినా ఎవరూ రాలేదు. బస్సు అందలేదేమో అనుకుంటుండగా బయట విజయశ్రీ గొంతు వినిపించింది.

"పోసవ్వగారూ! మీ చుట్టాలు పొరపాటున మా ఇంటికొచ్చారండీ. ఎండలో వచ్చారు కదా అని కాస్త మజ్జిగ ఇచ్చాను."

ఆమె వెనుక నలుగురు ఆడవాళ్ళు. అందరిలో పెద్దామె నవ్వుతూ గడప దాటింది. "ఏం అనుకోకు బిడ్డా. పటేలు ఇల్లంటే గా మంచి దర్వాజదే అనుకున్నం. చక్కగ అండ్లకే వోయినం."

బూరెలు వడ్డిస్తూ పోసవ్వ నవ్వింది, మాట్లాడింది, బొట్టు పెట్టి సాగనంపింది. వాళ్ళు సందు మలుపు తిరగగానే చెప్పుల కుప్పను కాలితో తన్నింది. ఒక చెప్పు పోయి బర్రె మూతికి తగిలింది.

ఆ వారమే ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ డబ్బా, పూసల తెర, ప్లాస్టిక్ మామిడి తోరణం, నాలుగు క్రోటన్ కుండీలు ఇంటికి వచ్చాయి. దేవిదాస్ పొలం నుంచి వచ్చేసరికి టేకు దర్వాజ సగం ఆకుపచ్చగా ఉంది.

"ఏందే ఇది? మా అమ్మ ఏటేటా దసరకు నూనె రాసి తుడిచిన దర్వాజ" అన్నాడు.

"మీ అమ్మ లేనప్పటి సంది ఎవలు జూసిండ్రు దాని మొకం? ఇగ జూస్తరు."

చూసింది ఒక్క విజయశ్రీయే. "అచ్చం మా గుమ్మంలాగే ఉందండీ!" అని సంబరపడింది. అందులో వెటకారం రవ్వంత కూడా లేదు. అందుకే పోసవ్వకు మరింత మండింది. నెల తిరగకుండా క్రోటన్లు బర్రె మేసేసింది. పూసల తెర సంచులు మోసే కూలీల భుజాలకు చుట్టుకుని పోగులు పోగులుగా తెగింది. వానలు పడ్డాక రంగు బొబ్బలెక్కి, దర్వాజకు తట్టు పోసినట్టయింది.

శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం నాడు విజయశ్రీ తెల్లవారుజామునే లేచి వాకిలి నిండా పద్మాల ముగ్గు వేసింది. రెక్క రెక్కకు రంగులు నింపి, స్నానానికి లోపలికి వెళ్ళింది. పోసవ్వ తన గడపలో నిలబడి ఆ ముగ్గునే చూసింది. ఎంతసేపు చూసినా వంక దొరకలేదు. ఒక్క గీతైనా పక్కకు పోయుంటే ఆ పొద్దున అలా చేసేది కాదేమో. గుంజ దగ్గరికి పోయి తాడు విప్పి, బర్రె వీపు మీద ఒక్కటి చరిచింది. అది తీరిగ్గా సందు దాటి, పద్మాల మధ్యలో నిలబడి పేడ వేసింది.

పోసవ్వ తలుపు వెనక్కి చేరింది. విజయశ్రీ తడి జుట్టుతో బయటికొచ్చి, "అయ్యో, తాడు ఊడినట్టుందే" అంటూ బర్రెను తనే తోలుకొచ్చి కట్టేసింది. మళ్ళీ కళ్ళాపి చల్లి మొదటినుంచీ ముగ్గు పెట్టింది. సాయంత్రం వాయనానికి పోసవ్వనే ముందు పిలిచింది. తలనొప్పి అని పోసవ్వ పోలేదు. కుంకుమ, శనగలు సింధుజ తెచ్చిస్తే, ఆ శనగలు పోయి బర్రెకు పెట్టింది.

రెండు రోజులకు హనుమాయమ్మ ఊతకర్ర పట్టుకుని సందు దాటి వచ్చింది. అరుగు మీద ఒక యూరియా సంచిని పక్కకు నెట్టి కూర్చుంది.

"బర్రెను నువ్వు విప్పడం నేను కిటికీలోంచి చూశానమ్మాయ్."

లోపల సింధుజ వినకుండా పోసవ్వ గబుక్కున దర్వాజ దగ్గరికి వేసింది.

"మా కోడలికి చెప్పలేదులే. చెబితే ఏడుస్తుంది. రోజూ ఏడుస్తూనే ఉంది, ఇంకోటి ఎందుకని."

"ఆమెకేం తక్కువవ్వా? ఎందుకేడుస్తది?" పోసవ్వ ఉండబట్టలేక అడిగింది.

"నిన్ను చూసే. అంత అలంకరించిన గుమ్మానికి ఎవరొస్తున్నారు చెప్పు? మురికవుతుందని చెప్పులతో ఒక్కరూ మెట్టెక్కరు. బాగుందంటారు, వచ్చి నీ అరుగు మీద కూర్చుంటారు. నీ ఇంటి ముందు చెప్పులు చూసి, మనం ఇంకా బయటివాళ్ళమే అత్తయ్యా అంటుంది. ఆ తోరణాలూ ముగ్గులూ అన్నీ ఎవరైనా వస్తారేమోననే."

మంచి మనిషి అయితే ఆ మాటకు జాలి పడేది. పోసవ్వకు మాత్రం నోట్లో చక్కెర పోసినట్టయింది. తన గడప చూసి విజయశ్రీ కుళ్ళుకుంటోంది! ముసలామె వద్దన్నా వినకుండా రెండు గ్లాసుల చాయ్ తాగించి పంపింది. ఆ రోజంతా ఊరికే వాకిట్లోకి వచ్చి పోయింది.

అప్పుడే ఆమె తన అరుగును మొదటిసారి సరిగ్గా చూసింది. మార్కెట్టుకు గంపలతో పోయే ఆడవాళ్ళు గంప దించే జాగా లేక ఒళ్ళో పెట్టుకుంటున్నారు. ముసలివాళ్ళకు ఆనుకునే గోడ సంచులతో నిండిపోయింది. విజయశ్రీకి లేనిది తనకు ఉందంటే, దాన్ని ఇంకా పెంచాలి. సంచులు, పంపు పెరటి కొట్టంలోకి పోయాయి. బర్రె కూడా పెరట్లోకి పోయింది. గంప దించడానికి నడుమెత్తు గద్దె కట్టించింది. గొడుగులకు, తువ్వాళ్ళకు గోడకు మేకులు కొట్టించింది. నీడలో ఇసుక పోసి నీళ్ళ రంజన్ కుండ పెట్టింది. దేవిదాస్ గాజు పెంకుతో ఆకుపచ్చ రంగునంతా గీకి, తల్లి రాసినట్టే దర్వాజకు నూనె రాశాడు. గోడకు కిందివరకు ఎర్రమట్టి జాజు పూసి, దాని మీద తన పుట్టింట్లో నేర్చుకున్న తెల్ల సుద్ద చారలు పోసవ్వ చేత్తో దిద్దింది.

దసరాకు తమ్ముడి అత్తగారింటివాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి ఎవరినీ అడగకుండా నేరుగా వచ్చి గద్దె మీద సంచులు దించారు. పోసవ్వ ఎదురింటి కిటికీ వైపు చూసింది, విజయశ్రీ చూస్తోందా అని. చూస్తోంది. ఆ తర్వాత నెలలోనే విజయశ్రీ తన మెట్ల పక్కన సిమెంటు బల్ల కట్టించింది. దాని మీద కుక్క పడుకునేది.

ఆ పోటీ ఏళ్ళ తరబడి నడిచింది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, అరుగు మీద ఆడవాళ్ళు పగలబడి నవ్వుతుంటే, ఎదుటి గడపలో విజయశ్రీ ఒంటరిగా నిలబడి, ఏమీ వినపడకపోయినా వాళ్ళతో పాటు నవ్వుతూ కనిపించింది. పోసవ్వకు ఏమనిపించిందో ఏమో, "గాడ నిలబడి ఏం జూస్తవక్కా? ఇటు రారాదు!" అని కేకేసింది. విజయశ్రీ చెప్పులు కూడా వేసుకోకుండా, కాలే సందులో పరుగెత్తుకొచ్చింది.

వచ్చి వారం కాకముందే అందరూ ఆమె చుట్టూనే చేరారు. పచ్చళ్ళెలా పెడతారు, ముగ్గులో రంగు ఎలా కలుపుతారు అని అడగడం. తన అరుగు మీదే తనను పక్కకు జరిపి ఆమెకు చోటిస్తుంటే పోసవ్వకు మళ్ళీ కడుపు మండింది. అయినా మర్నాడు ఆమె రావడం ఆలస్యమైతే మళ్ళీ కేకేసేది.

రెండువేల ఆరులో హరనాథబాబు ఇల్లు పడగొట్టి, గ్రానైటు మెట్లతో, చెక్కిన తలుపులతో రెండంతస్తులు కట్టాడు. గృహప్రవేశానికి ముందురోజు విజయశ్రీ వచ్చి, "గడప పక్క గోడలకు మీ జాజూ, సుద్ద చారలూ మీ చేత్తోనే వేయాలండీ. నాకు ఎన్నిసార్లు వేసినా రాలేదు. మీ గోడ చూసి ఎప్పటినుంచో ఏడుస్తున్నాను" అంది, దాచుకోకుండా.

పోసవ్వ జాజు, సుద్ద గిన్నెలు పట్టుకుని పోయింది. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా వంచిన నడుము ఎత్తకుండా వేసింది. తన ఇంటికి కూడా ఎన్నడూ అంత నున్నగా చార లాగలేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. దీపాల వెలుగులో ఎదురింటి గడప మెరిసిపోతోంది. దారినపోయే ఇద్దరు ఆగి మరీ చూస్తున్నారు.

"జరంత తక్కువ మంచిగ ఏస్తే ఏం పోయేది నాకు?" అంది దేవిదాస్‌తో.