మామిడి మొదట్లో కుప్ప

యాకుత్‌పురాలో నాగమణమ్మ ఇంటి పెరట్లో అత్తగారు నాటిన మామిడిచెట్టు ఉండేది. తొంభైల చివర్లో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. ఇంట్లోకే చాలని నీళ్లు ఇక చెట్టుకెక్కడివి? ఎండలు ముదిరేసరికి పిందెలన్నీ రాలిపోయేవి.

ఒక ఏడు ఆమె ఊడ్చిన ఆకుల్ని తగలబెట్టనివ్వలేదు. కొమ్మల నీడ పడినంత మేరా జానెడు మందాన పరిచింది. బియ్యం కడిగిన నీళ్లు వాటి మీదే పోసేది. ఆకులు మానుకు తగలకుండా చుట్టూ మూరెడు చోటు వదిలేది. తడి ఆనితే బెరడు మెత్తబడుతుందని పుట్టింటి నిమ్మతోటలో చూసి ఆమెకు తెలుసు.

భర్త వెంకటనారాయణకు అఫ్జల్‌గంజ్‌లో బెల్లం దుకాణం. ఇంట్లో చెత్త పోగేస్తే తేళ్లు చేరతాయని రోజూ సణిగేవాడు. పైవాటాలో అద్దెకుండే కోస్తా ఉద్యోగి ఆదిశేషయ్య వింటుండగానే ఆమెను ఎగతాళి చేసేవాడు. నాగమణమ్మ మర్నాడు రాలిన ఆకుల్నీ చెట్టు కిందికే చేర్చేది.

ఆ వేసవి కాయ నిలిచింది. మిట్టమధ్యాహ్నం ఆకుల కింద చెయ్యి పెడితే మన్ను చల్లగా తగిలేది. పళ్లు బుట్టలకొద్దీ దుకాణానికి వెళ్లాయి. అక్కడ వెంకటనారాయణ, చెట్టును ఎలా సాకాలో బజారుకంతా చెప్పసాగాడు. ఆకులు పరిపించింది తనేనట. ఆ మాట చుట్టాల నోట విన్నప్పుడు ఆమెకు ఒళ్లు మండింది.

అంతటితో ఆగినా బాగుండేది. తొలకరికి ముందు ఆయన, దుకాణంలో బెల్లం కింద పరిచే గడ్డినంతా బండిలో తెప్పించి మాను చుట్టూ నడుమెత్తు కుప్ప పోయించాడు. మానుకు ఆనించొద్దని ఆమె చెబితే వినలేదు.

“నీకేం ఎరుక? కొంచెమేస్తేనే గన్ని కాసినయి. ఎక్కువేస్తే ఇంకా మస్తు కాస్తయి,” అన్నాడు. మర్నాడు ఆమె తీసేస్తే, మనిషిని పెట్టి మళ్లీ పోయించాడు.

వానలన్నీ ఆ కుప్పలోకే ఇంకాయి. దసరా నాటికి చెట్టుకు ఒక పక్క ఆకు పసుపెక్కింది. గడ్డి తొలగించి చూస్తే బెరడు నాని, వేలు పెడితే ఊడి వస్తోంది. లోపల చెదలు.

ఆ సాయంత్రం వెంకటనారాయణ పెరట్లో నిలబడి, తన భార్య ఆకుల పిచ్చి వల్లే చెట్టు పాడైందని ఆదిశేషయ్యతో చెబుతున్నాడు. వంటింట్లో ఉన్న నాగమణమ్మ స్టవ్ ఆర్పి బయటికి వచ్చింది. ఇన్నేళ్ల కాపురంలో పరాయివాళ్ల ముందు ఆమె ఆయనకు ఎదురు చెప్పి ఎరగదు.

“ఆకు పరిచింది నేను. గడ్డి పోయించింది మీరు. కాయలు కాస్తే మీ తెలివి, మాను కుళ్లితే నా పిచ్చా? ఇదెక్కడి న్యాయం?”

ఆదిశేషయ్య తల వంచుకుని మెట్లెక్కాడు. ఇప్పుడు లొల్లి ఎందుకని వెంకటనారాయణ గొణిగాడు. ఆమె కొంగు బిగించి పార అందుకుంది. గడ్డంతా లాగి గోడవారకు చేర్చింది, చెడిన బెరడు గీకింది. ఆయన సాయానికి వంగబోతే అక్కర్లేదంది.

గోడవైపు పెద్ద కొమ్మ ఎండిపోతే కొట్టించాల్సి వచ్చింది. మిగతా చెట్టు బతికింది. రెండో ఏడు కాసిన పళ్లను ఆమె దుకాణానికి పంపలేదు, తనే వాడకట్టులో ఇంటింటికీ పంచింది. ఆ కొమ్మ ఏమైందని ఎవరడిగినా జరిగింది జరిగినట్టు చెప్పేది, ఆయన పక్కనే ఉన్నా సరే.